డెస్క్‌టాప్ ఆన్ కావట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే షాపు షట్టర్ ఎత్తేలోపు ఫోన్ మోగిందంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే: "అన్నా, సిస్టమ్ ఆన్ కావట్లేదు." పరీక్ష ఫీజు కట్టాల్సిన పిల్లలు, రిటర్ను దాఖలుకు చివరి రోజున అకౌంటెంట్లు, బయట లైన్ పెరిగిపోతుంటే లోపల చెమటలు పట్టే ఇంటర్నెట్ సెంటర్ వాళ్లు. టెన్షన్ పడడం సహజం. కానీ ఆ టెన్షన్‌లోనే కొందరు బాగున్న మదర్‌బోర్డు (లోపల అన్నీ తగిలించే పెద్ద సర్క్యూట్ బోర్డు) కూడా మార్పించేసుకుంటారు. అది చూసినప్పుడు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇన్నేళ్లుగా నన్ను అడిగినవి, నేను చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను. ఏ ప్రశ్న వచ్చినా నేను వెతికేది ఒక్కటే: కరెంటు ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది? గోడ దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ చూసుకుంటూ వస్తే ఆగిన చోటు దొరుకుతుంది. దొరికేదాకా ఏ పార్టూ కొనకండి.

మనవైపు మొత్తం డబ్బానే సీపీయూ అంటాం. ఇక్కడ దాన్ని కేబినెట్ అంటాను. లోపలి ప్రాసెసర్ గురించి వేరే చెప్పాల్సి వస్తుంది కదా.

ఆన్ కావట్లేదని చెప్పగానే మీరు ముందు ఏం అడుగుతారు?

బటన్ నొక్కినప్పుడు ఏం జరిగిందని. ఒకే మాటతో జనం మూడు వేర్వేరు జబ్బులు చెబుతారు. మొదటిది, అసలు చలనమే లేదు: లైటు వెలగదు, ఫ్యాన్ తిరగదు, చప్పుడు లేదు. రెండోది, ఫ్యాన్ ఒక్క సెకను తిరిగి ఆగిపోతుంది, లేదా అలా ఆగుతూ మళ్లీ మళ్లీ మొదలవుతుంటుంది. మూడోది, లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది.

మొదటిదాంట్లో కరెంటు మదర్‌బోర్డుదాకా రాలేదు, లేదా బటన్ నొక్కిన సంగతి బోర్డుకు చేరలేదు. లేదంటే బోర్డే పోయింది, కానీ అది ఆఖర్న అనుకోవాల్సిన మాట. రెండోదాంట్లో కరెంటు వచ్చింది, ఎక్కడో షార్టో, వేడో ఉండి ఆగిపోయింది. మూడోది చాలాసార్లు పవర్ సమస్యే కాదు, ర్యామ్‌దో కేబుల్‌దో అయి ఉంటుంది. ఫోన్ చేసేముందు ఒక్కసారి గదిలోని ఫ్యాన్లు, టీవీ ఆపేసి, బటన్ నొక్కి, కేబినెట్ పక్కన చెవి పెట్టి వినండి. వెనక ఎస్‌ఎమ్‌పీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన డీసీగా మార్చే ఇనుప డబ్బా) ఫ్యాన్ దగ్గర అరచెయ్యి పెట్టి గాలి తగులుతోందేమో చూడండి. ఈ పది సెకన్ల పని మీకూ నాకూ గంట మిగులుస్తుంది.

అసలు చలనమే లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

గోడ సాకెట్ నుంచి. "కరెంటు ఉందండీ, టెస్టర్ పెట్టి చూశాను" అంటారు. టెస్టర్ వెలిగితే ఫేజ్ ఉందని మాత్రమే అర్థం. న్యూట్రల్ తీగ ఊడిపోయినా టెస్టర్ చక్కగా వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం ఆన్ కాదు. అదే సాకెట్‌లో టేబుల్ లైటో, ఇస్త్రీ పెట్టెనో పెట్టి చూడండి. అది పనిచేస్తేనే సాకెట్ బాగున్నట్టు.

తర్వాత ఎక్స్‌టెన్షన్ బోర్డు. దాన్ని మధ్యలోంచి తీసేసి కంప్యూటర్ ప్లగ్గు నేరుగా గోడకు పెట్టండి. కొన్ని స్పైక్ బస్టర్లకు పక్కన చిన్న నల్ల బటన్ ఉంటుంది, లోడ్ ఎక్కువైతే అది బయటికి తన్నుకొస్తుంది. లోపలికి నొక్కితే మళ్లీ పనిచేస్తుంది.

తర్వాత కేబినెట్ వెనక దూర్చే పవర్ కేబుల్. ఇది సగం ఊడి ఉన్నా పైకి బాగున్నట్టే కనిపిస్తుంది. పూర్తిగా తీసి, గట్టిగా నొక్కి పెట్టండి. మానిటర్‌కూ సాధారణంగా ఇదే రకం కేబుల్ ఉంటుంది కాబట్టి రెండూ మార్చి చూడొచ్చు. ఆ సాకెట్ పక్కనే ఎస్‌ఎమ్‌పీఎస్‌కు సొంత స్విచ్ ఒకటి ఉంటుంది, ఒకవైపు నిలువు గీత, ఇంకోవైపు సున్నా. గీత వైపు నొక్కి ఉండాలి. ఇల్లు తుడిచేటప్పుడు కేబినెట్ జరిపితే చెయ్యి తగిలి అది సున్నా వైపు పడిపోతుంది. పండగ ముందు ఇల్లు దులిపిన మర్నాడు ఈ ఫోన్లు నాకు తప్పకుండా వస్తాయి.

మా సిస్టమ్ యూపీఎస్ మీద నడుస్తుంది. అది అడ్డమా?

అవ్వొచ్చు. ముందు యూపీఎస్‌ను పక్కనపెట్టి గోడకు నేరుగా పెట్టి చూడండి. ఆన్ అయిందంటే కంప్యూటర్‌కు ఏమీ కాలేదు.

ఇళ్లలో ఎక్కువగా వాడే 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా 12 ఓల్టుల, 7 యాంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ ఉంటుంది. రెండు మూడేళ్లకు దాని పని అయిపోతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే కొన్ని యూపీఎస్‌లు కరెంటు ఉన్నా స్టార్ట్ కావు. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, చాలా మోడళ్లలో 360 వాట్లే. పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌ను దాని మీద పెడితే లోడ్ పడగానే కుయ్యిమని ఆగిపోతుంది. బ్యాటరీయే పోయి ఉంటే అది మార్చుకుంటే చాలు, యూపీఎస్ మొత్తం పారేయనక్కర్లేదు.

కరెంటు పోయి వచ్చింది. అప్పటి నుంచి ఆన్ కావట్లేదు.

వేసవిలో నాకు ఎక్కువగా వచ్చే కేసు ఇదే. చాలావాటికి పైసా ఖర్చు ఉండదు.

ఎస్‌ఎమ్‌పీఎస్‌లో రక్షణ సర్క్యూట్ ఉంటుంది. ఓల్టేజి ఒక్కసారిగా ఎగిరినా, షార్ట్ తగిలినా అది తనంతట తాను మూసుకుపోతుంది. మూసుకున్నది కరెంటు పూర్తిగా తీసేసి కాసేపు ఆగితేగానీ తెరుచుకోదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు పీకండి. కేబినెట్ ముందున్న పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల నిల్వ ఉన్న చార్జ్ దిగిపోతుంది. పది నిమిషాలు ఆగండి. ఈలోగా మౌస్, కీబోర్డు, పెన్‌డ్రైవ్, ప్రింటర్ అన్నీ తీసేయండి. మళ్లీ ప్లగ్గు పెట్టి బటన్ నొక్కండి. ఇంతకు మించి చేయాల్సిన పని లేకుండానే లేచి కూర్చున్న సిస్టమ్‌లు చాలా చూశాను.

ఇంకో మాట. కరెంటు వచ్చీ రాగానే ఆన్ చేయకండి. వీధి మొత్తం మీద ఏసీలు, ఫ్రిజ్‌లు, మోటార్లు ఒక్కసారి అందుకుంటాయి. ఓల్టేజి ఊగుతుంటుంది. ఐదు నిమిషాలు ఆగితే ఏమీ పోదు.

పిడుగు పడిన రాత్రి నుంచి పనిచేయట్లేదు. స్విచ్ ఆపే ఉంచాం కదా?

స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకాలి. పిడుగు ఎంతో ఎత్తు నుంచి గాలిని చీల్చుకుని వస్తుంది, స్విచ్‌లోని రెండు మిల్లీమీటర్ల ఖాళీ దానికి లెక్క కాదు. రెండోది, అందరూ మర్చిపోయేది, లాన్ కేబుల్. పవర్ ప్లగ్గు పీకేసి, రౌటర్ నుంచి వచ్చే లాన్ తీగ మాత్రం అలాగే వదిలేస్తారు. ఆ రాగి తీగలోంచి వచ్చిన దెబ్బ నేరుగా మదర్‌బోర్డుకే తగులుతుంది. లాన్ పోర్టు దగ్గర నల్లగా కమిలినట్టు ఉంటే బోర్డు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఉరుములు మొదలైన సాయంత్రం రెండూ పీకేయండి.

పవర్ బటనే పాడైందేమో ఎలా తెలుసుకోవాలి?

కరెంటు మదర్‌బోర్డుదాకా వచ్చిందో లేదో ముందు చూడండి. కేబినెట్ పక్క మూత తీస్తే చాలా బోర్డుల మీద చిన్న లైటు ఒకటి కనిపిస్తుంది. సిస్టమ్ ఆపి ఉన్నా, ప్లగ్గు పెట్టి ఉంటే చాలు, అది వెలుగుతుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ ఎప్పుడూ 5 ఓల్టుల స్టాండ్‌బై కరెంటు పంపుతూ ఉంటుంది కాబట్టి. అది వెలుగుతోంది, బటన్‌కు మాత్రం స్పందన లేదంటే బటన్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

బటన్ నుంచి రెండు సన్న తీగలు మదర్‌బోర్డు కింది మూల, కుడివైపు పిన్నుల గుంపుకు వెళ్తాయి. పక్కనే రీసెట్ బటన్ తీగలు, లైట్ల తీగలు కూడా ఉంటాయి. ఏది ఏదో వాటి ప్లాస్టిక్ తలల మీద రాసి ఉంటుంది. పీకేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ప్లగ్గు పీకి, పవర్ బటన్ తలను తీసి, ఆ రెండు పిన్నులకు రీసెట్ బటన్ తలను పెట్టండి. బటన్ తీగలకు ప్లస్ మైనస్ తేడా లేదు, ఎటు పెట్టినా పనిచేస్తుంది. లైట్ల తీగలకు ఆ తేడా ఉంటుంది. ఇప్పుడు ప్లగ్గు పెట్టి రీసెట్ బటన్ నొక్కండి. సిస్టమ్ లేచిందా? పాడైంది బటనే. ఇక నుంచి రీసెట్ బటన్‌తోనే ఆన్ చేసుకుంటూ ఏళ్లు గడపొచ్చు.

ఒకసారి ఓ స్కూల్ ల్యాబ్ నుంచి సిస్టమ్ తెచ్చారు. వేరేచోట మదర్‌బోర్డు మార్చాలన్నారట. మూత తీసి చూస్తే బటన్ వెనక చీమలు మట్టి పేర్చి గూడు పెట్టుకున్నాయి. నొక్కితే బటన్ లోపలికే వెళ్లట్లేదు. పాత టూత్‌బ్రష్‌తో దులిపాను, అంతే.

ఎస్‌ఎమ్‌పీఎస్ పోయిందని ఇంట్లోనే తేల్చుకోవచ్చా?

తేల్చుకోవచ్చు, జాగ్రత్తగా చేస్తానంటే. ఈ పరీక్ష మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డబ్బు దండగయ్యేది ఇక్కడే.

ప్లగ్గు పీకండి. మదర్‌బోర్డు, హార్డ్‌డిస్క్, గ్రాఫిక్స్ కార్డు, వేటికి వెళ్లిన ఎస్‌ఎమ్‌పీఎస్ తీగలైనా అన్నీ తీసేయండి. వాటిలో పెద్దది, వెడల్పుగా ఉండేది 24 పిన్నుల కనెక్టర్. అందులో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. దానికి అటూ ఇటూ ఉన్నవి నల్ల తీగలు. బటన్ నొక్కినప్పుడు మదర్‌బోర్డు చేసే పని ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలపడమే. ఆ పని మనం చేస్తాం. కాగితాలకు పెట్టే జెమ్ క్లిప్పును యు ఆకారంలో వంచి, ఒక కొన ఆకుపచ్చ తీగ రంధ్రంలో, రెండో కొన పక్కనున్న నల్ల తీగ రంధ్రంలో దూర్చండి. క్లిప్పు మీద నుంచి చెయ్యి తీసేశాకే ప్లగ్గు పెట్టి, స్విచ్ వేయండి.

ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎమ్‌పీఎస్‌లో కనీసం ప్రాణం ఉంది. తిరగకపోతే చాలావరకు పోయినట్టే. చాలావరకు అని ఎందుకంటున్నానంటే, కొన్ని ఖరీదైన వాటిల్లో లోడ్ లేనప్పుడు ఫ్యాన్ తిరగకుండానే పనిచేసే ఏర్పాటు ఉంటుంది. అలాంటప్పుడు కేబినెట్ ఫ్యాన్ ఒకటి తగిలించి చూడాలి.

ఫ్యాన్ తిరిగినంత మాత్రాన క్లీన్‌చిట్ ఇవ్వకండి. మల్టీమీటర్‌ను డీసీ 20 ఓల్టుల మీద పెట్టి, నల్ల ముల్లు నల్ల తీగకు, ఎర్ర ముల్లు ఒక్కో రంగుకు పెట్టి కొలవండి. పసుపు తీగలో 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపులో 4.75 నుంచి 5.25 మధ్య, నారింజలో 3.14 నుంచి 3.47 మధ్య రావాలి. ఊదా రంగు తీగలో స్విచ్ వేసిన క్షణం నుంచీ, క్లిప్పు లేకపోయినా, 5 ఓల్టులు ఉండాలి. అది లేదంటే బటన్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. లోడ్ లేనప్పుడు ఓల్టేజీలు సరిగా చూపించి, సిస్టమ్‌కు తగిలించగానే కుంగిపోయేవీ ఉంటాయి. అందుకే ఆఖరి తీర్పు, బాగున్న మరో ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టి చూడడమే. పక్కింటి వాళ్లదో, స్నేహితుడిదో అరగంట అడిగి తెచ్చుకోండి.

కొత్తగా వచ్చేవాటిలో తీగలన్నీ నల్లగానే ఉంటున్నాయి. మీది అలాంటిదైతే ఊహించి క్లిప్పు పెట్టకండి. ఎస్‌ఎమ్‌పీఎస్ టెస్టర్ ఉన్న మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.

ఎస్‌ఎమ్‌పీఎస్ విప్పి లోపల ఫ్యూజు మార్చుకోవచ్చా?

వద్దండీ. 230 ఓల్టుల ఏసీ లోపలికి వెళ్లి డీసీగా మారేసరికి చార్జ్ నిల్వ చేసే పెద్ద కెపాసిటర్లలో దాదాపు 325 ఓల్టులు నిలబడతాయి. ప్లగ్గు పీకాక కూడా కాసేపు అక్కడే ఉంటాయి. పైగా ఫ్యూజు ఊరికే పోదు, ఇంకేదో కాలితేనే పోతుంది. అది మార్చకుండా ఫ్యూజు మారిస్తే మళ్లీ టప్‌మంటుంది.

వెనక ఎర్రటి చిన్న స్విచ్ ఉంది, 115, 230 అని రాసి ఉంది. అదేంటి?

అమెరికాలో ఉండే ఓల్టేజికి, మన ఓల్టేజికి మార్చుకునే స్విచ్. పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌లకు ఉంటుంది. ఇక్కడ ఎప్పుడూ 230 మీదే ఉండాలి. 115కు జరిపి ఇక్కడి కరెంటు పెడితే పెద్ద చప్పుడుతో కాలిపోతుంది. పిల్లలున్న ఇంట్లో దాని మీద టేపు అంటించండి. అమెరికా నుంచి పాత డెస్క్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ప్లగ్గు పెట్టే ముందు ఇది చూసుకోవాలి.

ఒక్క సెకను తిరిగి ఆగిపోతోంది. ఇది ఇంకా పెద్ద సమస్యా?

కాదు, ఒక రకంగా మంచి సూచనే. గోడ, కేబుల్, బటన్ అన్నీ బాగున్నాయని దీన్ని బట్టి తెలిసిపోయింది. బటన్ నొక్కాక ఎస్‌ఎమ్‌పీఎస్ ఓల్టేజీలన్నీ నిలకడపడడానికి అర సెకనులోపే పడుతుంది. నిలబడితే బూడిదరంగు తీగ మీద మదర్‌బోర్డుకు సరే అని సంకేతం పంపుతుంది. ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ మాట పంపకుండా మూసుకుపోతుంది. ఆ షార్ట్ ఎక్కడో వెతకాలి.

ముందు యూఎస్‌బీ పోర్టుల్లోకి టార్చి వేసి చూడండి. లోపల నాలుక లాంటి ప్లాస్టిక్ ముక్క విరిగిపోయి, పిన్నులు వంగి ఇనుప గోడకు ఆనుకుని ఉంటాయి. ఓ జిరాక్స్ సెంటర్ వాళ్ల సిస్టమ్‌తో నేను రెండు పూటలు కుస్తీ పట్టాను. ర్యామ్ మార్చాను, ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చాను, లాభం లేదు. చివరికి చూస్తే ముందువైపు పోర్టు. రోజుకు వంద పెన్‌డ్రైవ్‌లు దూర్చి తీసే పోర్టు అది, అరిగి విరిగిపోయింది. ముందు పోర్టుల తీగను బోర్డు నుంచి పీకేయగానే సిస్టమ్ లేచింది. కొన్ని బోర్డులు ఇలాంటప్పుడు యూఎస్‌బీలో ఓవర్ కరెంట్ ఉందని, 15 సెకన్లలో ఆపేస్తున్నానని స్క్రీన్ మీద చూపిస్తాయి కూడా. అన్నీ చూపించవు. ఆ రోజు నుంచి నేను స్క్రూడ్రైవర్ కన్నా ముందు టార్చి అందుకుంటున్నాను.

అది కాకపోతే ఒక్కొక్కటీ తీసేస్తూ రండి. హార్డ్‌డిస్క్, డీవీడీ డ్రైవ్, గ్రాఫిక్స్ కార్డు, అదనపు ర్యామ్. ఒక్కటి తీసినప్పుడల్లా ప్లగ్గు పీకడం, తీశాక పెట్టి చూడడం. చివరికి బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒకే ఒక్క ర్యామ్ మిగలాలి. ఏది తీసినప్పుడు సిస్టమ్ నిలబడిందో, దోషం దానిది. ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ విడిగా ఉంటుంది. అది సరిగా కూర్చుందో లేదో చూడండి, చాలామంది మర్చిపోతారు. కేబినెట్ మార్చాక ఈ సమస్య వస్తే బోర్డును ఎత్తి నిలిపే ఇత్తడి స్టడ్డు కింద అదనంగా ఒకటి ఉండి షార్ట్ చేస్తుండొచ్చు.

ఐదు పది సెకన్లు నడిచి ఆగుతోందంటే ప్రాసెసర్ వేడిని అనుమానించండి. దాని వేడిని లాగే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్, కాళ్లలో ఒకటి ఊడినా ప్రాసెసర్ క్షణాల్లో మరిగిపోయి తనను తాను ఆపుకుంటుంది.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు.

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికి పెట్టాలి, పైన మదర్‌బోర్డుకు ఉన్నదానికి కాదు. మానిటర్‌లో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారో లేదో చూడండి.

తర్వాత ర్యామ్. ప్లగ్గు పీకి, రెండు వైపులా క్లిప్పులు తెరిచి, ర్యామ్ తీసి, మళ్లీ టక్కుమని చప్పుడు వచ్చేదాకా నొక్కండి. రెండుంటే ఒక్కటే పెట్టి చూడండి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఒక్క ర్యామ్‌ను సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టాలి. బీప్ శబ్దాలు వస్తుంటే ఎన్ని, పొడవా పొట్టా అని రాసుకోండి. వాటి అర్థం బోర్డు తయారీని బట్టి మారుతుంది. కొత్త బోర్డుల్లో ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది ఆరకుండా వెలుగుతూ ఉందో సమస్య అక్కడ.

ర్యామ్‌ను రబ్బరుతో రుద్దితే బాగవుతుందంటారు, నిజమేనా?

బంగారు పూత ఉన్న అంచు మీద పొర కట్టి ఉంటే బాగవుతుంది. మెత్తటి తెల్ల పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రెండుసార్లు తుడిచి, పొట్టు పూర్తిగా దులపాలి. ఇంకు రబ్బరు గరుకుగా ఉంటుంది, పూత లేచిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే దానితో తుడవడం ఇంకా మంచిది.

బోర్డు మీద గుండ్రటి సెల్లు అయిపోతే ఆన్ కాదా?

మామూలుగా ఆన్ అవుతుంది. తేదీ, టైము తప్పుతాయి. తేదీ తప్పితే బ్రౌజర్‌లో వెబ్‌సైట్లు సర్టిఫికెట్ బాగోలేదని తెరుచుకోవు, జనం నెట్ పోయిందనుకుంటారు. అయితే కొన్ని బోర్డులు సెల్లు పూర్తిగా పడిపోతే మొండికేస్తాయి. అది సీఆర్ 2032 అనే 3 ఓల్టుల సెల్లు, వాచీల షాపులోనూ దొరుకుతుంది. ప్లగ్గు పీకి, పాతది తీసి పది నిమిషాలు ఆగి కొత్తది పెడితే సెట్టింగులు కూడా మొదటికొస్తాయి. ఆ రీసెట్‌తోనే లేచే సిస్టమ్‌లు ఉన్నాయి.

వానాకాలంలోనే ఎందుకు ఎక్కువగా పాడవుతాయి?

తేమ, దుమ్ము కలిసి లోపల బురదలాంటి పొర కడుతుంది. అది కాస్త కరెంటును ప్రవహించనిస్తుంది. వాడకుండా వారాలు వదిలేసిన సిస్టమ్‌కు ఇది ఎక్కువ. వానాకాలంలో రోజూ అరగంటైనా నడపండి, లోపలి వేడికే తడి ఆరిపోతుంది.

ఇంకొకటి బల్లులు. లోపల వెచ్చగా ఉంటుందని కేబినెట్ వెనక మూతలేని స్లాట్లలోంచి దూరతాయి. ఓసారి ఎస్‌ఎమ్‌పీఎస్ జాలీలోంచి లోపలికి టార్చి వేసి చూస్తే, కాయిల్‌కీ కెపాసిటర్‌కీ మధ్య ఎండిపోయిన బల్లి కనిపించింది. వాసన వస్తోందని ఆ ఇంటావిడ వారం నుంచి చెబుతూనే ఉందట, ఎవరూ పట్టించుకోలేదు. ఖాళీ స్లాట్లకు రేకు మూతలు బిగించండి.

దుమ్ము నేనే శుభ్రం చేసుకోవచ్చా?

తప్పకుండా. ఆరుబయటికి తీసుకెళ్లి బ్లోయర్‌తో కొట్టండి. ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని కొట్టాలి, లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పోతుంది. మూలల్లో మెత్తటి పెయింట్ బ్రష్. తడిగుడ్డ ఎక్కడా వద్దు.

కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఆన్ కాకపోవడానికీ దీనికీ సంబంధం ఉందా?

ఆన్ కాకపోవడానికి నేరుగా కారణం కాకపోవచ్చు, కానీ ఇది వదిలేయాల్సిన విషయం కానే కాదు. మీ ఇంట్లో ఎర్తింగ్ లేదని కేబినెట్ చెబుతోంది. ఎస్‌ఎమ్‌పీఎస్ ముందుభాగంలో రెండు చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ ఇనుప డబ్బాకు కలిసి ఉంటాయి. ఎర్త్ తీగ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద దాదాపు సగం ఓల్టేజి, అంటే 115 ఓల్టుల వరకు, తేలుతూ ఉంటుంది. అందులో కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ రేపు లోపల ఇన్సులేషన్ పోతే అదే డబ్బా ప్రాణం తీస్తుంది.

త్రీపిన్ ప్లగ్గును టూపిన్ సాకెట్‌కు మార్చే కన్వర్టర్ వాడుతుంటే అది తీసేయండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోస్తూ ఉండాలి. ఎర్త్ లేని ఇంట్లో స్పైక్ బస్టర్ కూడా పూర్తి రక్షణ ఇవ్వలేదు.

కాలిన వాసన వచ్చింది, మళ్లీ ఒక్కసారి ఆన్ చేసి చూడనా?

వద్దు. ప్లగ్గు పీకండి. రెండోసారి ప్రయత్నించినప్పుడే బోర్డూ, డిస్కూ కూడా పోతాయి.

నా ఫొటోలు, ఫైళ్లు పోయినట్టేనా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు గొంతు మారిపోతుంది. పెళ్లి ఫొటోలు, చనిపోయిన నాన్నగారి వీడియోలు, పదేళ్ల లెక్కలు. చాలా సందర్భాల్లో ఏమీ పోవు. కరెంటు రాకపోవడం వేరు, డిస్క్ చెడడం వేరు. డిస్క్ తీసి యూఎస్‌బీ కన్వర్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు పెడితే ఫైళ్లు కనిపిస్తాయి. మూడున్నర అంగుళాల హార్డ్‌డిస్క్‌కు విడిగా 12 ఓల్టుల అడాప్టర్ ఉన్న కన్వర్టర్ కావాలి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే ఏర్పాటు) ఆన్ అయి ఉంటే రికవరీ కీ అడుగుతుంది, అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ముందే చూసుకోండి. మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు "ఫార్మాట్ చేయొద్దు" అని నోటితో చెప్పడమే కాదు, రశీదు మీద రాయించండి.

కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ ఎలాంటిది కొనాలి?

గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటి సిస్టమ్‌కు పేరున్న కంపెనీ 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది. చేత్తో ఎత్తి చూడండి. మరీ తేలిగ్గా ఉంటే లోపల కాయిల్, హీట్‌సింక్ పొదుపు చేశారని అర్థం. కరెంటు తక్కువ వృథా చేస్తుందని చెప్పే 80 ప్లస్ ముద్ర, కనీసం మూడేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి కొనేవాళ్లయినా, ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లయినా బిల్లు మాత్రం దాచుకోవాలి. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చినదాన్నీ, సెకండ్ హ్యాండ్‌దాన్నీ నేను నమ్మను.

రెండు జాగ్రత్తలు. ఆఫీసుల నుంచి వచ్చిన కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో 24 పిన్నుల కనెక్టర్ ఉండదు, వాటికి వేరే ఎస్‌ఎమ్‌పీఎస్ కావాలి. పాతది పట్టుకుని షాపుకు వెళ్లండి. తీగలు ఊడదీసి పెట్టుకునే రకం కొంటే పాతదాని తీగలు కొత్తదానికి వాడకండి. కనెక్టర్ ఒకేలా ఉన్నా లోపల పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది. 5 ఓల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లి హార్డ్‌డిస్క్ మాడిపోతుంది.

రిపేరుకు ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి?

చివరిసారి ఎప్పుడు పనిచేసింది, అప్పుడు కరెంటు పోయిందా, పిడుగు పడిందా, సిస్టమ్ జరిపారా, కొత్తగా ఏదైనా బిగించారా. బటన్ నొక్కితే ఏం జరుగుతోంది. మీరు ఇంట్లో ఏం చేసి చూశారు. తప్పు చేసినా దాచకండి, దానివల్ల మా వెతుకులాట తగ్గుతుంది. కేబినెట్‌తో పాటు పవర్ కేబుల్ కూడా తీసుకురండి, ఒక్కోసారి దోషం దానిదే. మానిటర్, కీబోర్డు ఇంట్లోనే ఉంచండి. పార్టు మారుస్తామంటే పాత పార్టు తిరిగి ఇమ్మని అడగండి. మార్చేముందు మంచి పార్టు పెట్టి మీ కళ్లముందు ఆన్ చేసి చూపించమనండి. అలా చూపించడానికి ఏ మంచి మెకానిక్కూ వెనకాడడు.